ఉన్ని, ఊలు

తెలుగులో ఒకే పదార్థానికి రెండు మాటలు వాడుతున్నాం. గొర్రె ఒంటి మీద ఉన్నంతవరకూ, ఆ పైన కురుమల మగ్గం మీదికి ఎక్కినా కూడా అది ఉన్ని. అదే అంగట్లో రంగురంగుల ఉండలుగా కనిపిస్తే ఊలు. "ఉన్నితో స్వెట్టరు అల్లుతున్నాను" అని ఎవరూ అనరు. "ఊలు గొంగడి" అంటే మా చొప్పదండి వైపు నవ్వుతారు. మొదటి మాట సంస్కృతంలోని ఊర్ణ నుంచి ప్రాకృతం మీదుగా మనకు చేరింది. సాలెపురుగుకు ఊర్ణనాభి అన్న పేరు ఆ ఊర్ణ వల్ల వచ్చిందే. రెండో మాట ఇంగ్లీషువాళ్ళ 'వుల్'ను మన నాలుకకు అనువుగా మలచుకున్నది. భాషా చరిత్రకారులు చెప్పేదాని ప్రకారం ఈ ఊర్ణ, ఆ వుల్ ఒకే ప్రాచీన ధాతువుకు పుట్టిన అక్కాచెల్లెళ్ళు. కొన్ని వేల ఏండ్ల కింద విడిపోయి, ఒకరు గొర్రెల మందతోనూ మరొకరు పాదరీల సూదుల పెట్టెతోనూ వచ్చి తెలుగుదేశంలో మళ్ళీ కలుసుకున్నారు. కలుసుకున్నారే గానీ పలకరించుకోలేదు. ఈ వ్యాసం ఆ పలకరింపు లేకపోవడం గురించి.

ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో ముందే చెప్పడం మర్యాద. మా అక్క మనుమడు కెనడాలో పెరుగుతున్నాడు. ఏడేండ్లవాడు. వాడికి బహుమతిగా నా చేత్తో ఒక వెచ్చని టోపీ అల్లి పంపాలని, అది రెండు రంగుల అల్లిక కావాలని, ఆ రంగులు మా ఊరి గొర్రెలవే కావాలని సంకల్పించి, ఈ వయసులో సూదులు పట్టుకుని ఆ విద్య నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటున్న కొద్దీ చేతిపని కన్నా దాని వెనక ఉన్న చరిత్రే నన్ను ఎక్కువ లాగింది. మా ప్రాంతంలో ఉన్ని ఎప్పటినుంచో ఉంది. అల్లిక కూడా వచ్చి చాలా కాలమైంది. మరి ఈ రెండూ ఒక్క టోపీలోనైనా ఎందుకు కలవలేదు?

ముందు ఉన్ని సంగతి చూద్దాం. 13వ శతాబ్ది చివర మన తీరాన్ని చూసిన మార్కో పోలో, మోటుపల్లి పేరుతో కాకతీయ రాజ్యాన్ని వర్ణించాడు. అక్కడి సన్నని నూలు బట్టలను సాలెగూడుతో పోల్చాడన్నది చాలామంది చదివిన విషయమే. దాని పక్కనే ఇంకో మాట అన్నాడు, దాన్ని మనవాళ్ళు అంతగా పట్టించుకోలేదు. లోకంలోకెల్లా పెద్ద గొర్రెలు ఈ దేశంలోనే ఉన్నాయన్నాడు. అది యాత్రికుడి అతిశయోక్తి అనుకున్నా, రుద్రమదేవి రాజ్యానికి వచ్చిన పరదేశి కళ్ళకు వజ్రాలతో, వలిపాలతో పాటు గొర్రెలు కూడా ఆనాయంటే మందలు ఏ స్థాయిలో ఉండేవో ఊహించుకోవచ్చు.

ఆ పీఠభూమి గొర్రెకు ఇప్పుడు పశువైద్యులు వాడే పేరు దక్కనీ. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మెట్ట ప్రాంతాలన్నిటికీ ఇది ఉమ్మడి సొత్తు. ఎక్కువగా నల్లనిది, కొన్ని తెల్లవి, కొన్ని కలగలుపువి. ఎండను, నడకను, పలచని మేతను తట్టుకుంటుంది. ఒంటి మీద ఉన్ని ముతక, దానిలో వెంట్రుక పాలు ఎక్కువ. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఒక్కో గొర్రె ఇచ్చే ఉన్ని ఏటా కిలోకు లోపే.

ఈ గొర్రె చుట్టూ కురుమల జీవితం అల్లుకున్నది. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వెలువరించిన నిజాం రాజ్యపు కులాల గ్రంథంలో కురుమల వృత్తి గొర్రెల పెంపకం, కంబళ్ళ నేత అని కనిపిస్తుంది. వారిలో ఉన్ని కంకణం వారని, పత్తి కంకణం వారని రెండు శాఖలున్నాయి. పెళ్ళినాడు మణికట్టుకు కట్టే దారం ఉన్నిదా, నూలుదా అన్నదే ఆ భేదం. ఒక దారపు పోగును బట్టి మనుషులు తమను తాము ఎవరమని చెప్పుకున్నారంటే ఆ పోగు వారికి ఎంత బరువైనదో చూడండి. ఒగ్గు కళాకారులు చెప్పే మల్లన్న, బీరప్ప కథల్లో గొర్రెలు పుట్టలోంచి పుట్టుకొస్తాయి. మొదటి గొర్రె భూగర్భంలోంచి వచ్చిందన్న ఊహ నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మా నల్లరేగడి మీద మేసే ఆ నల్లని మందను దూరంనుంచి చూస్తే మట్టే లేచి నడుస్తున్నట్టు ఉంటుంది మరి.

గొంగడి తయారీలో పని పంపకం స్పష్టంగా ఉంటుంది. ఉన్ని కత్తిరించడం మగవాళ్ళ పని. దాన్ని విడదీసి, శుభ్రం చేసి, రాట్నం మీద వడకడం ఆడవాళ్ళ పని. పడుగు చాచి దానికి చింతగింజల గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ముతక ఉన్ని పోగు నూలులా నునుపుగా ఉండదు కనుక ఆ గంజి లేకపోతే మగ్గం మీద పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడతాయి. తర్వాత గుంట మగ్గం మీద నేత. తయారైన గొంగడి కాపరికి వానలో గొడుగు, చలిలో దుప్పటి, పొలంలో పరుపు, ఇంట్లో చాప. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపల దాచుకుని కూడా తడిగా తోచదు. తేమను పీల్చుకునేటప్పుడు కొంత వేడిని కూడా విడుస్తుంది. కార్తెలు లెక్కపెట్టి బతికే కాపరికి ఈ భౌతికశాస్త్రం పుస్తకం లేకుండానే తెలుసు.

గొంగడికి రంగు అద్దకం అక్కరలేదు. నల్ల గొర్రె నలుపు, తెల్ల గొర్రె తెలుపు, రెండూ కలిపి ఏకితే బూడిద. అంచుల్లో తెల్లని చారలు వేసేది తెల్ల గొర్రె ఉన్నితోనే. అంటే రంగును నిర్ణయించేది అద్దకపు కాగు కన్నా ముందు మందే. రెండు రంగులతో పని చేయాలంటే రెండు రకాల గొర్రెలు మందలో ఉండాలి. ఈ మాట తర్వాత అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

ఇక తల సంగతి. చలికాలపు తెల్లవారుజామున మా వైపు గొంగడిని నెత్తి మీదుగా వేసుకుని, ఒక అంచును ముసుగులా మడిచి, చెవులు కప్పుకుని మంట దగ్గర కూర్చునేవారు. ఉత్తరాన ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామాల్లో కొన్ని రాత్రులు పాదరసం 5 డిగ్రీల దరిదాపుకు దిగుతుంది. చొప్పదండికి అంత చలి లేకపోయినా మంచు పడే రోజుల్లో మందతో బయట పడుకునేవాడికి ముసుగు తప్పనిసరి. అంటే మా ప్రాంతానికి వెచ్చని టోపీ లేదనలేం. టోపీ, కోటు, దుప్పటి మూడూ ఒకే వస్త్రంగా ఉండేవి. గద్దర్ వేదిక మీద గొంగడి భుజాన వేసుకుని పాడినప్పుడు జనం ఆ వస్త్రంలో తమ ఊరిని పోల్చుకోవడానికి కారణం ఇదే.

విడిగా టోపీ అన్నది మనకు రాజసభల దారిన వచ్చింది. శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న చాటువొకటి సాహితీమిత్రులందరికీ కంఠస్థమే కదా. 15వ శతాబ్దిలో ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్ళిన కవిసార్వభౌముడు అక్కడి వేషం వేసుకోవలసి వచ్చినందుకు పడిన బాధ అది. అందులో మొట్టమొదటి ఫిర్యాదు కుళ్లాయి మీదే. ఆ మాట పారశీకంలోని 'కులాహ్'. లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్ది చిత్రాల్లో ఎత్తైన కుళ్లాయిలు పెట్టుకున్న పెద్దమనుషులు వరుసగా నిలబడి ఉంటారు. అది బట్టతో కుట్టినది, హోదాకు గుర్తు, చలికి సంబంధం లేనిది. సామాన్యులు పాగా చుట్టారు, రుమాలు కట్టారు. తలగుడ్డ విషయంలో తెలుగు నేతగాళ్ళు పైదేశాలను కూడా మెప్పించారు. చీరాలలో పుట్టిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఎగుమతయ్యాయి, అక్కడివాళ్ళు వాటిని తలకు చుట్టుకున్నారు. పోగుకు ముందే రంగు కట్టి తర్వాత నేసే ఆ విద్యే 20వ శతాబ్ది తొలి దశకాల్లో పోచంపల్లి చేరింది. అదంతా నూలు. ఉన్నికి ఆ వైభవం పట్టలేదు.

ఇప్పుడు రెండో అక్కచెల్లెలు, ఊలు. దాని వెంట వచ్చిన అల్లిక.

మన భాషలో అల్లిక అన్న మాటకు చాలా బరువు మోయిస్తాం. జడ అల్లుతాం, గంప అల్లుతాం, పందిరికి తీగ అల్లుకుంటుంది, లేని కథ అల్లుతాం. రెండు సూదులతో ఒకే పోగును ఉచ్చులు ఉచ్చులుగా పట్టి బట్ట చేసే విద్యకు మాత్రం ప్రత్యేకమైన మాట లేదు. ఆ విద్య ఇక్కడ పుట్టకపోవడమే దానికి కారణం. లోకంలో దొరికిన పాత అల్లిక ముక్కల్లో ప్రసిద్ధమైనవి ఈజిప్టువి, సుమారు 11 నుంచి 14వ శతాబ్దుల మధ్యవి. అవి నీలం, తెలుపు నూలు మేజోళ్ళు. కొన్నింటి మీద అరబ్బీ అక్షరాల్లో దేవుడి నామం కూడా వరుసగా అల్లి ఉంటుంది. గమనించండి, మనకు అందిన తొలి అల్లికలే రెండు రంగులవి. ఒకే రంగుతో వందల ఏండ్లు అల్లి అల్లి, ఆ తర్వాత రంగు చేర్చుకున్నారనుకోవడానికి ఆ ముక్కలు ఒప్పుకోవు.

అరబ్బుల నుంచి స్పెయిను, అక్కడినుంచి తక్కిన యూరపు. ఇంగ్లండులో అల్లిక టోపీ ఎంత పెద్ద పరిశ్రమ అయిందంటే 1571లో దాన్ని కాపాడటానికి ఏకంగా చట్టం చేశారు. పెద్ద హోదా గలవారు తప్ప, ఆరేండ్లు దాటిన ప్రతివారూ ఆదివారాలు, పండుగ రోజుల్లో ఇంగ్లండులోనే తయారైన ఉన్ని టోపీ పెట్టుకోవాలని ఆ శాసనం. జనం దాన్ని ఎలా లెక్కచేశారో గానీ 1597లో రద్దయింది. టోపీ ఫ్యాషను మారితే గొర్రెల కాపరి పొయ్యి ఆరిపోతుందని ఒక రాజ్యం గుర్తించిందన్నదే నాకు ముఖ్యం అనిపించింది.

రెండు రంగుల అల్లిక అనగానే లోకం చెప్పే పేరు ఫెయిర్ ఐల్. స్కాట్లండు ఉత్తరాన, ఆర్క్‌నీకీ షెట్లండ్‌కీ నడుమ ఉన్న చిన్న దీవి అది. 1588లో స్పెయిను నౌకాదళపు ఓడ ఒకటి అక్కడ బద్దలైందని, ఆ నావికులే అల్లిక నమూనాలు నేర్పారని ఒక కథ ఉంది. ఓడ బద్దలైన మాట నిజమే, తక్కినది అల్లిన కథ. 1922లో వేల్స్ యువరాజు గోల్ఫు మైదానానికి ఆ అల్లిక స్వెట్టరు తొడుక్కుని రావడంతో దీవి పేరు ప్రపంచమంతా మోగింది. ఆ స్వెట్టర్ల నియమం చాలా సరళం. ఎన్ని రంగులైనా వాడవచ్చు, ఒక వరుసలో మాత్రం రెండే. షెట్లండ్ గొర్రెలు కూడా మన దక్కనీ లాగే చిన్నవి, గట్టివి, నలుపు, గోధుమ, బూడిద, తెలుపు రంగుల్లో ఉండేవి. అద్దకం లేకుండానే ఆ రంగులన్నీ అల్లికలోకి వచ్చేవి.

మన దేశానికి సూదుల అల్లికను తెచ్చినవారు యూరోపియన్లు, ముఖ్యంగా మిషనరీ కుటుంబాల స్త్రీలు. హిమాలయాల్లో లాహౌల్ లోయలోని కేలాంగ్‌కు 1850లలో మొరేవియన్ మిషనరీలు వచ్చారు. వారు నేర్పిన మేజోళ్ళ అల్లికను లాహౌలీ స్త్రీలు తమ లోయ ఉన్నితో, తమ రంగులతో సొంతం చేసుకున్నారు. 2021లో లాహౌలీ అల్లిక మేజోళ్ళకు, చేతితొడుగులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలుగుదేశానికి వచ్చేసరికి అదే మిషనరీ విద్య వేరే రూపం ఎత్తింది. 1840లలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులతో గోదావరి జిల్లాల్లో లేసు పని మొదలైంది. నరసాపురం చుట్టుపక్కల వేల మంది స్త్రీలకు అది జీవనమైంది. వారు పట్టింది కొక్కెం ఉన్న సూది, అల్లింది నూలు దారం. ఉక్కపోసే డెల్టాలో ఉన్నితో పనేముంటుంది? నరసాపురం లేసుకు కూడా 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఆ లేసు వెనక వైపు ఎలా ఉంటుందో 1982లో మరియా మీస్ అనే పరిశోధకురాలు ఒక పుస్తకంలో చూపించింది. రోజంతా అల్లే స్త్రీని గృహిణి అనీ, ఆమె పనిని తీరిక కాలక్షేపం అనీ పిలవడం వల్లనే ఆ కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె వాదన.

అంటే ఉన్ని ఉన్న ఉత్తర తెలంగాణకు సూదులు రాలేదు, సూదులు వచ్చిన గోదావరి తీరంలో ఉన్ని లేదు. నా మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది.

మిగతా సగం మంకీ క్యాపు చెబుతుంది. కళ్ళు, ముక్కు తప్ప తలంతా మెడ దాకా మూసే ఆ టోపీకి ఇంగ్లీషు పేరు బాలక్లావా. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న పోరు జరిగిన రేవు పేరు అది. అక్కడి చలికి విలవిలలాడిన బ్రిటిషు సైనికులకు స్వదేశపు స్త్రీలు ఉన్ని టోపీలు అల్లి పంపారు. తర్వాతి కాలంలో ఆ టోపీకి ఆ ఊరి పేరే స్థిరపడింది. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ అది సైనికుడి తల మీద తిరిగి, చివరకు మన ఊరి బస్టాండులో తెల్లవారి బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన తలకెక్కింది. అతడి పూర్వుడు కప్పుకున్న గొంగడి ముసుగు చేసిన పనే ఇదీ చేస్తుంది. మెడ, చెవులు, నుదురు. ఆకారం కూడా ఇంచుమించు అదే. పదార్థం మాత్రం మారిపోయింది.

ఆ టోపీలు మా వైపుకు వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గది. 1833 నాటి కాశ్మీరు కరువులో శాలువల నేతగాళ్ళు చాలామంది పంజాబుకు వలస వచ్చారు. వారు చేరిన ఊళ్ళలో లుధియానా ఒకటి, తర్వాత అదే దేశానికి స్వెట్టర్ల రాజధాని అయింది. 1959 తర్వాత శరణార్థులుగా వచ్చిన టిబెటన్లు బతుకుతెరువు కోసం లుధియానా సరుకు కొని, చలికాలం మొత్తం దేశంలోని పట్టణాల్లో దుకాణాలు పెట్టడం అలవాటు చేసుకున్నారు. మా వైపు జనం వాళ్ళను నేపాలీలనే అంటారు. వాళ్ళ దుకాణంలో వేలాడే టోపీల మీద మంచుపూలు, మెలికలు, జింకలు ఉంటాయి. ఆ జింకలు ఉత్తర ఐరోపావి. టోపీ చాలావరకు ఎక్రిలిక్, అంటే నూనె గనుల్లోంచి వచ్చిన పోగు. దాన్ని కూడా మనం ఊలు అనే అంటాం. ఆ విధంగా గొర్రె లేకుండానే ఊలు మా ఊరికి చేరింది. ధర తక్కువ, రంగు ఎక్కువ, గుచ్చుకోదు. గొంగడి దాని ముందు నిలవలేకపోయింది. "ఎక్కడ వేసిన గొంగడి అక్కడే" అని సామెత గానీ, నిజానికి గొంగడి వేసిన చోట లేదు.

ఆ టోపీని ఒక్కసారి తిరగేసి చూడండి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన అసలు సంగతి అక్కడుంది. పైన పువ్వు, లోపల అడ్డంగా వేలాడే పోగులు. రెండు రంగుల అల్లికలో ప్రతి వరుసకూ రెండు పోగులూ వెంట నడుస్తాయి. ఒక ఉచ్చును నలుపుతో అల్లుతున్నప్పుడు తెలుపు వెనక నుంచి పోతుంది, తెలుపు ముందుకు వస్తే నలుపు వెనక్కి తగ్గుతుంది. కంటికి కనబడేది ఒకటి, కనబడనిది ఒకటి. ఆ కనబడని పోగు వల్లనే బట్ట రెండింతల మందం అవుతుంది, రెండు పొరల నడుమ గాలి చిక్కుకుని చలి ఆగుతుంది. కాబట్టి ఈ అల్లికలో అలంకారం వేరు, వెచ్చదనం వేరు అని విడదీయలేం. పువ్వు వేసినందువల్లనే టోపీ వెచ్చగా ఉంటుంది. చలిదేశాలవాళ్ళు టోపీలకు, చేతితొడుగులకు ఈ పద్ధతినే ఎంచుకోవడంలో అందం మీది మోజు ఎంతో ప్రాణభీతి కూడా అంతే.

మన నేతలతో పోల్చుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పోచంపల్లిలో ఒకే పోగు మీద రెండు రంగులు ముందే కట్టి ఉంటాయి. సిద్దిపేట గొల్లభామ చీరలో ఆ గొల్లభామ బొమ్మ కోసం ప్రత్యేకంగా ఇంకో పేక పోగును చేర్చుతారు. అల్లికలో రెండు పోగులూ సమానం, ఏది ముందు ఏది వెనక అన్నది వంతులవారీగా మారుతుంటుంది. నమూనాను గళ్ళ కాగితం మీద గీసుకోవడం మాత్రం మన నేతలకూ ఈ అల్లికకూ ఉమ్మడి. ఒక గడి ఒక ఉచ్చు. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసే ఇంట్లో పెరిగినవారికి ఆ కాగితం కొత్తగా తోచదు.

విద్యలోని మెళకువలు నాలుగు మాటల్లో చెబుతాను. హిందీ నుంచి వచ్చిన సీదా, ఉల్టా అనే రెండు ఉచ్చుల్లో ఈ టోపీకి చాలావరకు సీదా ఒక్కటే చాలు, ఎందుకంటే గుండ్రటి సూది మీద అల్లితే బట్ట ముఖం ఎప్పుడూ మనవైపే ఉంటుంది, నమూనా కళ్ళముందే పెరుగుతుంది. నలుపు కుడిచేతికి, తెలుపు ఎడమచేతికి అప్పగిస్తే పోగులు పెనవేసుకోవు. వెనక పోయే పోగును బిగించకూడదు, బిగిస్తే టోపీ సాగదు, తలకెక్కదు. ఒకే రంగు ఐదు ఉచ్చులు దాటి సాగితే వెనక పోగును మధ్యలో ఒకసారి పట్టి ఆపాలి, లేకపోతే పిల్లవాడి వేళ్ళు అందులో చిక్కుకుంటాయి. వెనక రెండు పోగుల్లో కింద నుంచి వచ్చేది ముఖం మీద కొంచెం ప్రస్ఫుటంగా కనిపిస్తుంది కనుక, పువ్వు రంగును ఎప్పుడూ కింద నుంచే నడపాలి. ఒకసారి ఎంచుకున్న క్రమాన్ని టోపీ చివరి దాకా మార్చకూడదు.

ఇక లెక్క. తల చుట్టుకొలత 52 సెంటీమీటర్లు, టోపీ 50 ఉంటే చాలు. నా చేతి బిగువుకు 10 సెంటీమీటర్లకు 18 ఉచ్చులు, మొత్తం 90. ఆరు ఉచ్చుల ముగ్గు పదిహేనుసార్లు తిరిగి వస్తుంది. నడినెత్తి దగ్గర ఆ 90ని ఆరు భాగాలు చేసి, వరుస విడిచి వరుస ఒక్కో భాగంలో ఒక్కో ఉచ్చు తగ్గించుకుంటూ పోతే ఆరు రేకుల పువ్వులా మూసుకుంటుంది.

పోగు విషయంలో మాత్రం పుస్తకాలు సాయపడవు. గొంగడి కోసం వడికిన పోగు ఒంటిపోగు, పురి ఎక్కువ. దాన్ని ఉన్నదున్నట్టు అల్లితే బట్ట ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెండు పోగులను ఎదురు పురితో కలిపి పేనితే ఆ ఒరుగుడు ఆగుతుంది. ఇక దక్కనీ ఉన్ని నుదుటికి గుచ్చుకుంటుంది, అందులో దాచవలసిందేమీ లేదు. స్వెట్టర్లకు పేరుపడ్డ మెరినో పోగు 24 మైక్రాన్లకు లోపే ఉంటుంది. మన ఉన్ని దానికన్నా చాలా లావు. అందుకని టోపీ అంచు లోపల మెట్‌పల్లి ఖాదీ పట్టీ ఒకటి, సాగేందుకు వీలుగా ఏటవాలుగా కత్తిరించి కుడుతున్నాను. వెనక వేలాడే పోగులు కూడా దానివల్ల సురక్షితం. బయట కురుమల ఉన్ని, లోపల మన పత్తి. ఉన్ని కంకణం, పత్తి కంకణం రెండూ ఒకే టోపీలో ఉన్నాయని మిత్రుడొకరు చమత్కరించారు.

ఇక షెట్లండ్‌తో పోలిక ఒకటి మిగిలింది. అక్కడి స్త్రీలు 19వ శతాబ్దిలో అల్లినదానికి డబ్బు కాక, వ్యాపారి దుకాణంలోని టీ పొడి, గుడ్డలు కూలిగా తీసుకోవలసి వచ్చేది. దాని మీద ఫిర్యాదులు పెరిగి 1871–72లో ప్రభుత్వ విచారణ సంఘం ఆ స్త్రీల సాక్ష్యాలు నమోదు చేసింది. నరసాపురం కథకూ దానికీ నడుమ సముద్రాలున్నా వెనకవైపు పోగులు ఒకటే. అయితే షెట్లండ్ వాళ్ళు ఒక విషయంలో గట్టిగా నిలబడ్డారు. అల్లికతో పాటు గొర్రెను కూడా కాపాడుకున్నారు. ఆ దీవి ఉన్నికి 2011లో ఐరోపా రక్షిత నామం దక్కింది. పేరు దక్కింది టోపీకి కాదు, గొర్రె ఉన్నికి. టోపీకి పేరొచ్చి గొర్రె పోతే ఆ టోపీ ఎక్కడిదైనా ఒకటే అని వాళ్ళకు తెలుసు.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్నికి ధర పడిపోయాక, ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందల్లోకి తెచ్చుకోవడం కాపరులకు లాభసాటి అయింది. దశాబ్దాలుగా ఆ సంకరం సాగుతూ వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలుపెట్టింది. గొర్రెలను పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. కాపరికి ఆస్తి కావాలన్న ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, బతుకు మాంసం ధర మీద నడుస్తున్నప్పుడు ఉన్ని కోసం గొర్రెను పెంచమని అతడికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ రంగు మందలోనే ఉంటుందని ముందు చెప్పిన మాట ఇప్పుడు గుర్తుచేసుకోండి. మందలో నల్ల గొర్రె తగ్గితే రాట్నం ఆగుతుంది. రాట్నం ఆగితే వడికే చేయి మరుస్తుంది. ఒక తరం మరిచిన చేతిని రాయితీతో తెచ్చుకోలేం. ఈ టోపీకి కావలసిన నల్లపోగు వడికి ఇచ్చిన పెద్దమ్మ మా వాడకట్టులో ఇప్పటికీ రాట్నం ముందు కూర్చునేవారిలో చివరామె. ఆమె కోడలికి ఆ పని రాదు. నేర్చుకోవలసిన అవసరమూ కనబడలేదు. ఉన్నికి కొనేవాడు లేనప్పుడు అవసరం ఎక్కడినుంచి వస్తుంది?

నేనల్లే ఒక్క టోపీ ఆ కొరత తీర్చదు. కానీ దక్కనీ ఉన్నిని అల్లవచ్చని, రెండు పేటలు చేస్తే అది సూదికి లొంగుతుందని, లోపల నూలు పట్టీ వేస్తే పసివాడి నుదుటికీ పనికొస్తుందని మాత్రం చేతికి తెలిసింది. పోగు వడికినందుకు పెద్దమ్మకు ఇచ్చిన వెల అంగట్లో ఎక్రిలిక్ ఉండల వెల కన్నా ఎక్కువ. అది న్యాయమైన వెల అనే అనుకుంటున్నాను. టోపీ చూసినవారిలో ఇద్దరు తమ పిల్లలకూ కావాలన్నారు. ఆ మాట పెద్దమ్మకు చెబితే, వచ్చే కత్తిరింపు దాకా ఆగమంది. తెల్ల ఉన్ని ఇంట్లో అయిపోయిందట.